మా అక్క కట్టిన ఇల్లు

(స్వర్ణోత్సవ సభలో 1981 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "మీరు సివిల్ ఇంజనీరు కదండీ, ఈ బడి మన జీవితాలకు వేసిన పునాది గురించి మాట్లాడండి" అన్నారు. పునాది అనే మాట సభల్లో చాలాసార్లు వింటాం. ఆ మాట ఎవరన్నా సరే, నాకు మాత్రం నిజం పునాదే కళ్ళ ముందుకొస్తుంది. మూడడుగుల లోతు గొయ్యి, పక్కన ఇసుక కుప్ప, ఒక చేత్తో పరికిణీ ఎత్తిపట్టుకుని రెండో చేత్తో తాడు లాగుతున్న మా అక్క. అందుకని ఇవాళ ఆ పునాది గురించే చెబుతాను.

పాలిటెక్నిక్ అయిన దగ్గర్నుంచీ, అంటే నలభై ఏళ్ళుగా, నేను కట్టడాల పనిలోనే ఉన్నాను. బళ్ళు కట్టించాను, ఆస్పత్రులు కట్టించాను, కాలువల మీద వంతెనలు వేయించాను. వాటన్నింటికీ శిలాఫలకాలున్నాయి. మా సొంతింటికి మాత్రం ఫలకం లేదు. ఆ ఇల్లు మేమే కట్టుకున్నాం అని నేను చాలాచోట్ల గొప్పగా చెప్పుకున్నాను. ఆ "మేమే" అన్న మాటను ఇవాళ కాస్త సరిదిద్దాలి.

మన దివిసీమ వాళ్ళకి 1977 నవంబరు 19 గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ శనివారం ఈ బడి డాబా మీద నిలబడి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు ఈ సభలో ఇప్పటికీ ఉన్నారు. నేనూ అక్కా వాళ్ళలో ఉన్నాం. నాన్న మమ్మల్ని ఎక్కించి నాయనమ్మ కోసం వెనక్కి వెళ్ళాడు. మా మట్టిగోడల ఇల్లు అప్పటికే కూలిపోయింది. నాయనమ్మ గోడ కిందే ఉంది.

అప్పుడు నేను ఏడో తరగతి, అక్క ఎనిమిది.

ఆ తర్వాత ప్రభుత్వం వచ్చింది, దేశం నలుమూలల నుంచీ సంస్థలు వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త కాలనీలు లేచాయి. మాకు మాత్రం ఇల్లు రాలేదు. మా పాత ఇల్లు పోరంబోకులో ఉందని జాబితాలో పేరు రాయలేదు. నాన్న ఏడాదిపాటు తిరిగి తిరిగి, ఇంక తిరగనన్నాడు. తను పనిచేసే రైతు దగ్గర రోడ్డు పక్కన అయిదు సెంట్లు తీసుకున్నాడు. డబ్బు ఇచ్చింది కొంతే, మిగతాదంతా కూలిలో కోసుకునే ఒప్పందం. "గుడిసె వేయను. కాల్చిన ఇటుకతో ఇల్లు కడతాను. మట్టిగోడ కింద నా వాళ్ళెవర్నీ పడుకోనివ్వను" అన్నాడు.

1979 సంక్రాంతి వెళ్ళాక, ఒక రాత్రి అన్నాల దగ్గర నాన్న లెక్క చెప్పాడు. రెండు గదులు, ముందు వసారా. పొడుగు 22 అడుగులు, వెడల్పు 12. పునాదితో కలిపి తొమ్మిది వేల పైన ఇటుక పడుతుంది, విరిగేవీ కాలనివీ పోను మిగలాలంటే 12,000 కోయాలి. కొనడానికి డబ్బు లేదు. నాన్నా అమ్మా పగలు కూలికి వెళ్ళకపోతే తిండి లేదు. "మీ ఇద్దరిలో ఒకళ్ళు ఈ నాలుగు నెలలూ బడి మానాలి" అన్నాడు నాన్న. ఎవరూ అని అనలేదు.

నేను తల వంచుకుని కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. అక్క "నేను మానతాలే నాన్నా" అంది. ఆ క్షణాన నాకు బాధ కలిగిందని చెబితే అబద్ధం. బరువు దిగింది. అమ్మనడిగి ఇంకో ముద్ద వేయించుకున్నాను. చదువులో అక్క నాకంటే మెరుగని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఇక ఇటుక. ఇటుక కోయడమంటే మట్టి తొక్కి అచ్చులో వేయడమే కదా అనుకుంటారు. మాకు మొదటి చిక్కు మట్టి దగ్గరే వచ్చింది. సముద్రం ఎక్కి పోయిన నేల మాది. ఆ మన్నులో ఉప్పు ఉంది. ఉప్పు మన్నుతో ఇటుక కోస్తే, కాల్చినా సరే, గోడలో చెమ్మ ఎక్కినప్పుడల్లా ఆ ఉప్పు పైకి వచ్చి తెల్లగా పూస్తుంది, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. నాన్న మన్ను నాలిక మీద వేసుకుని చూసి "బాగానే ఉందే" అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. నాలుగు చోట్ల మన్ను తెచ్చి, నాలుగు ముంతల్లో నీళ్ళు పోసి కలిపి, తేరిన నీటిని నాలుగు పళ్ళేల్లో పోసి ఎండలో పెట్టింది. ఉప్పునీరు ఆవిరైతే ఉప్పు అడుగున మిగులుతుందని సైన్సు మాస్టారు ఆ గదిలోనే, అదిగో ఆ చివరి గదిలోనే చెప్పారు. సాయంత్రానికి మూడు పళ్ళేల్లో తెల్లటి చారలు మిగిలాయి. ఒకదాంట్లో ఏమీ లేదు. అది కాలువ పూడిక తీసి గట్టు మీద పోసిన మన్ను. ఏడాది వానలకి ఉప్పంతా కడుక్కుపోయింది. కాలువ గట్టు మాకు అరమైలు దూరం. అయినా అక్కణ్ణుంచే మోశాం. నలభై ఆరేళ్ళయింది, ఇవాళ్టికీ ఆ గోడలు ఉప్పు పూయలేదంటే ఆ నాలుగు పళ్ళేల పుణ్యమే.

తెల్లవారుజామున నాన్న మట్టి తొక్కి కుప్ప వేసి కూలికి పోయేవాడు. రోజంతా అక్క ఒక్కతే ఆ మట్టిని ముద్దలు చేసి, ఇసుక చల్లిన చెక్క అచ్చులోకి కొట్టి, పైన నునుపు చేసి తిరగేసేది. మొదటి రోజు ఎనభై వచ్చాయి, అందులో సగం వంకర. పది రోజులకి రోజుకు మూడొందలు కోసేది. నేను బడి నుంచి రాగానే ఆరిన వాటిని నిలబెట్టి పేర్చేవాణ్ణి. పచ్చి ఇటుకల మీద నుంచి ఒక కుక్క పరుగెత్తింది. ఆ అడుగుల ఇటుకల్ని పారేద్దామన్నాను. "కాలితే అదీ ఇటుకేరా" అంది అక్క. వాటిలో ఒకటి మా గడప పక్కనే ఉంది. మా మనవలు వచ్చినప్పుడల్లా అందులో వేళ్ళు పెట్టి ఆడుకుంటారు.

మార్చిలో బట్టీ పెట్టాం. కింద తుమ్మ మొద్దులు, వరసల మధ్య వరి ఊక, చుట్టూ మట్టి పూత. నిప్పు పెట్టాక నాన్న, అమ్మ వంతులవారీగా రాత్రుళ్ళు కాపలా కాశారు. చల్లారాక విప్పితే బయటి వరసలు సగమే కాలాయి, మంట దగ్గరవి కరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మధ్యవన్నీ ఎర్రగా, చేత్తో పట్టుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమన్నాయి. తొమ్మిది వేల నాలుగొందలు లెక్కకి వచ్చాయి. ఆ రాత్రి నాన్న వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఇప్పుడు లెక్కల మాస్టారి సంగతి. ఆయన ఇవాళ మన మధ్య లేరు. ఆయన సైకిలు బెల్లు వినగానే బళ్ళోనే కాదు, చెరువు గట్టు మీద కూడా మనం నిశ్శబ్దమైపోయేవాళ్ళం, గుర్తుందా?

మార్చి ఆఖరులో ఒక ఆదివారం పునాదికి ముగ్గు పోస్తున్నాం. నాన్న స్నేహితుడు తాపీ మేస్త్రి. మేం బాబాయి అనేవాళ్ళం. కూలి తీసుకోకుండా పది రోజులు వచ్చి పని చూపిస్తానని మాటిచ్చాడు. ఆయన ఇంకా రాలేదు. నాన్న కంటితో చూసి గూటాలు పాతి తాడు కట్టాడు. అక్క "మూల సరిగా లేదు నాన్నా" అంది. ఒక తాడు మీద మూల నుంచి ఆరు అడుగులు, రెండో తాడు మీద ఎనిమిది అడుగులు కొలిచి గుర్తులు పెట్టింది. ఆ రెండు గుర్తుల మధ్యా సరిగ్గా పది అడుగులు రావాలంది. తొమ్మిదిన్నర వచ్చింది. గూటం పీకించి మళ్ళీ పాతించింది. పైథాగరస్ సిద్ధాంతం అక్క తొమ్మిదిలో నేర్చుకుంది. అప్పటికి నాకు రాదు.

ఇంతలో మాస్టారు సైకిలు దిగారు. తొమ్మిదో తరగతి హాజరుపట్టీలో రెండు నెలలుగా ఒకే పేరు దగ్గర గీతలు పడుతున్నాయని చూసి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. రావడం రావడమే "ఏమయ్యా, ఆడపిల్ల చదువు మాన్పించి..." అని మొదలుపెట్టారు. గోతి దగ్గర కూతురు ఏం చేస్తోందో చూసి ఆగిపోయారు. మాట్లాడకుండా సైకిలు స్టాండు వేసి, టేపు ఒక కొన తనే పట్టుకుని, "అమ్మాయ్, రెండో కొన పట్టుకో. కర్ణాలు చూద్దాం" అన్నారు. ఎదురెదురు మూలల మధ్య కొలిచారు. ఇరవై అయిదు అడుగుల పైన ముప్పాతిక అంగుళం. రెండో కర్ణం కొలిచారు. తేడా బొటనవేలు మందం.

మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నూటికి తొంభై తొమ్మిది. ఆ ఒక్క మార్కూ పరీక్షకి వస్తే వేస్తాను. ఇంకా మూడు వారాలుంది. చదవక్కర్లేదు, వచ్చి రాయి చాలు" అన్నారు. నాన్న చేతులు కట్టుకుని "పంపిస్తానండీ మాస్టారూ" అన్నాడు.

పంపలేదు. పంపకూడదని కాదు. బాబాయి ఇస్తానన్న పది రోజులూ సరిగ్గా పరీక్షల రోజులే అయ్యాయి. ఆయన మూలలు ఎత్తుతాడు. ఒక్కో మూల నాలుగైదు వరసలు, దారానికి కట్టిన ఇనప గుండుతో నిలువు చూసుకుంటూ. మూలకీ మూలకీ తాడు కట్టి ఇస్తే, మధ్య గోడ మనం నింపుకోవచ్చు. ఒక వరస ఇటుక పొడుగ్గా, పై వరస అడ్డంగా, కింది కీలు మీదకి పై కీలు రాకుండా. అది ఒకరు ఆ పది రోజుల్లో ఆయన దగ్గర చూసి నేర్చుకుంటేనే తర్వాత గోడ లేస్తుంది. నేర్చుకునేది ఎవరో మళ్ళీ ఎవరూ అడగలేదు. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి పాసయ్యాను.

అప్పట్లో సిమెంటు పర్మిట్ మీదే దొరికేది. మాకు పర్మిట్ ఎవరిస్తారు? గోడంతా మట్టి అడుసుతోనే కట్టాం. బయటి కీళ్ళకి మాత్రం మరుసటి ఏడాది రెండు బస్తాలు సంపాదించి సిమెంటు పూశాం. పునాది గోతిలో అడుగున ఇసుక పోసి, నీళ్ళు పోసి, దిమ్మిసతో కొట్టాం. మన నల్ల నేల ఎండకి నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. ఆ ఇసుక పొర లేకపోతే గోడ కూడా దాంతోపాటే ఊగుతుంది. అరుగు మూడున్నర అడుగుల ఎత్తు ఉండాలని నాన్న పట్టు. "ఏమయ్యా, గుడి కడుతున్నావా?" అని ఊళ్ళో నవ్వారు. ఆ ఎత్తు నింపడానికి మేం నలుగురం మోసిన మట్టి తట్టలు ఎన్నో లెక్కపెట్టలేదు. అమ్మ నడినెత్తిన జుట్టు ఊడిపోయింది, మళ్ళీ రాలేదు.

మే రెండో వారం. గోడలు కిటికీ మట్టానికి వచ్చాయి. మళ్ళీ తుఫాను అన్నారు. అది ఒంగోలు వైపు తీరం దాటింది. మాకు గాలీ వానే. కానీ మట్టి అడుసుతో కట్టిన పచ్చి గోడకి వాన చాలు. తాటాకులు, విప్పి కుట్టిన యూరియా సంచులు కప్పి, రాత్రంతా నలుగురం నాలుగు గోడల్నీ పట్టుకుని కూర్చున్నాం. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లారి చూస్తే తూర్పు గోడకి కప్పు లేచిపోయింది. కీళ్ళలోని మట్టంతా కారిపోయి మూడు వరసలు వదులైపోయాయి. నాన్న అరుగు మీద కూలబడ్డాడు. నాయనమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు.

అక్క వెళ్ళి వదులైన గోడలోంచి ఒక ఇటుక తీసింది. ఇంకో ఇటుకతో కొట్టింది. ఖంగుమంది. "ఇటుకకేం కాలేదు నాన్నా. పోయింది మట్టేగా" అంది. ఆ రోజే మూడు వరసలూ విప్పి, కడిగి, ఎండబెట్టి, వారానికల్లా మళ్ళీ కట్టారు. అన్నట్టు, ఆ వానకి ఊళ్ళో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. మా అరుగు మీదకి చుక్క రాలేదు. గుడి అని నవ్వినవాళ్ళే మేకల్ని తోలుకొచ్చి మా అరుగు మీద కట్టేశారు.

చేవగల తాటి దూలాలు, తాటి వాసాలు, పైన తాటాకు. ఆషాఢం రాకముందే పాలు పొంగించాం. మంగుళూరు పెంకులు నా ఉద్యోగం వచ్చాక, 1987లో వేయించాను. పెంకులు నేను వేయించాననే సంగతి బంధువులందరికీ తెలుసు. ఆ పెంకుల కింద గోడలెవరివో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. మాస్టారు మళ్ళీ కబురు పెట్టారు. తొమ్మిదిలో చేర్చుకుంటామన్నారు. కానీ అది నేను వెళ్తున్న తరగతి. "తమ్ముడి పక్కన కూర్చోనా? వద్దులే" అంది అక్క. అప్పుకి కూలి కట్టాలి కూడా. ఆ రోజు నేను "రా అక్కా, పక్కన కూర్చో" అని ఉంటే ఏమయ్యేదో. అనలేదు. నాకూ సిగ్గేసింది. ఇది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా.

తర్వాత అక్కకి పక్క ఊరు సంబంధం కుదిరింది. అక్కడ ఇల్లు కట్టుకునే ప్రతివాళ్ళూ ముగ్గు పోసే రోజు అక్కని పిలుస్తారు. మూల సరిచూసి, రెండు కర్ణాలూ కొలిచి, "ఇక తవ్వండి" అంటేనే గునపం వేస్తారు. అక్కడ అక్కని ఇంజనీరమ్మ అంటారు. సర్టిఫికెట్టున్న ఇంజనీరుని నేను వెళ్తే మంచినీళ్ళిచ్చి కూర్చోమంటారు.

మిత్రులారా, ఈ సభకి రమ్మని నెల కిందట అక్కని అడిగాను. "నువ్వు పూర్వ విద్యార్థివిరా. నేను పూర్తికాని విద్యార్థిని. నన్నెవరు పిలిచారు?" అంది. నవ్వుతూనే అంది. నేను వెళ్ళి మన సంఘం నియమావళి తీసి చూశాను. సభ్యత్వం పదో తరగతి పూర్తిచేసినవారికి అని రాసి ఉంది. ఆ కాగితం కింద నేనూ ఎప్పుడో సంతకం చేశాను, ఆ వాక్యం చదవకుండానే.

మన పదో తరగతి గ్రూపు ఫోటో చూడండి. తర్వాత ప్రధానోపాధ్యాయుల గదిలో అడ్మిషన్ రిజిస్టరు చూడండి. ఆరో తరగతిలో మనతోపాటు పేరు రాయించుకున్నవాళ్ళలో సగానికి పైగా ఆ ఫోటోలో లేరు. వాళ్ళు చదువు రాక మానలేదు. ఒకరు తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మానారు, ఒకరు గేదెల వెంట వెళ్ళారు, ఒకరు నాట్లకి. వాళ్ళు మానబట్టే ఆ ఇళ్ళ నుంచి ఇంకొకరు ఆ ఫోటోలోకి వచ్చారు. ఫోటోలో ఉన్న నాకు ఆ లెక్క బాగా తెలుసు. ఈ బడి చెప్పిన పాఠం వాళ్ళకీ అందింది. మా అక్కకి అందిన రెండు పాఠాల మీద మా కుటుంబం నలభై ఆరేళ్ళుగా పడుకుని నిద్రపోతోంది.

అందుకని నా మనవి ఒక్కటే. ఆ నియమంలో "పదో తరగతి పూర్తిచేసిన" అన్న మాట తీసేసి, "ఈ బడి రిజిస్టరులో పేరు ఉన్న" అని మార్చండి. రేపటి సర్వసభ్య సమావేశంలో నేను ఈ తీర్మానం పెడతాను. నెగ్గితే, బ్యాచ్‌కి ఇద్దరం చొప్పున ఆ రిజిస్టరు పట్టుకుని ఊరూరా తిరుగుదాం. పేర్లన్నీ చిరునామాలతో సహా రాద్దాం. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తామనేవాళ్ళుంటే ఫీజు మనం కడదాం, పాఠం మనం చెబుదాం. మొదటి ఊరు మా అక్క ఊరు. దానికి నేను వెళ్తాను.

అక్క వచ్చింది. చివరి వరసలో స్తంభం పక్కన కూర్చుంది. ఎక్కడని వెనక్కి తిరిగి చూడకండి, ఇబ్బంది పడుతుంది. అక్కా, మాస్టారు ఉండి ఉంటే ఆ ఒక్క మార్కు ఈపాటికి వేసేసేవారు. ఆయన బదులు వేసే అర్హత నాకు లేదు. ఈ సభకి ఉంది.